ముందు మీ మాట, తరువాతే నలుగురి మాట

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. ఇంట్లో పెద్దదాన్ని. ఉద్యోగం ఉంది, మంచి భర్త, తొమ్మిదేళ్ళ బాబు. చిన్నప్పటి నుంచి "బంగారం లాంటి పిల్ల" అన్న పేరు నాది. ఎవరేం అడిగినా కాదనలేను. ఆఫీసులో పక్కవాళ్ళ పని కూడా నెత్తిన వేసుకుంటాను, ఇంటికొచ్చాక చిన్న దానికీ బాబు మీద విసుక్కుంటాను. మీటింగ్‌లో ఒక్క మాట మాట్లాడితే, అలా అనకుండా ఉండాల్సిందేమో అని రాత్రంతా టెన్షన్. ఏడాది క్రితం అందరూ పడుకున్నాక బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. నీలం రంగులో కాస్త నీళ్ళు ఎక్కువైతే అది కాగితం మీద దానంతట అదే పాకుతుంది. చూస్తూ కూర్చుంటే టైమ్ తెలిసేది కాదు. తర్వాత వాటిని ఆన్‌లైన్‌లో పెట్టాను. పూల బొమ్మలకు లైకులు ఎక్కువ వస్తున్నాయని అవే వేస్తూ వచ్చాను. కొన్నాళ్ళకు లైకులూ తగ్గాయి. ఈలోగా మా బాబాయి అందరి ముందూ "ఈ వయసులో ఈ బొమ్మల పిచ్చి ఏంటి, పిల్లాడి చదువు చూసుకో" అన్నారు. అప్పటి నుంచి కుంచె పట్టలేదు. "నీ కోసం నువ్వు బతుకు" అని అందరూ చెప్తారు. అది స్వార్థం కాదా? అయినా ఇన్నేళ్ళ తర్వాత నాకేం కావాలో నాకే తెలియడం లేదు. ఈ ఉత్తరం కూడా మా చెల్లికి చూపించి, బాగుందంటేనే పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది నీలం రంగు కాగితం మీద పాకడం గురించి మీరు రాసిన మాటలు. ఉద్యోగం గురించి రాసినా, ఇంటి గురించి రాసినా, ప్రతి చోటా ఇంకెవరో ఉన్నారు. అడిగేవాళ్ళు, అనేవాళ్ళు, ఏమనుకుంటారో అని మీరు భయపడేవాళ్ళు. అక్కడ మాత్రం మీరు, కాగితం, రంగు, అంతే. కాబట్టి మీకేం కావాలో మీకు తెలుసు. ఒక్క విషయంలోనైనా చాలా బాగా తెలుసు. ఇంకెవరూ ఔననకపోయినా దాన్ని నిలుపుకోవడం ఎలాగో, అదే మీకు ఎవరూ నేర్పలేదు.

బొమ్మలు ఆగిపోవడానికి బాబాయి గారి మాటే కారణమన్నట్టు రాశారు. మీరు రాసిన వరుసలోనే చదివితే నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. మొదట రాత్రిపూట మీ కోసం వేశారు. తర్వాత నలుగురికీ చూపించారు, అందులో తప్పేం లేదు. కానీ పూలకు లైకులు వస్తున్నాయని పూలే వేయడం మొదలుపెట్టిన రోజు, ఏం వేయాలో తేల్చే పని మీ చేతిలోంచి పోయింది. లైకులు తగ్గగానే ఉత్సాహమూ తగ్గిందంటే అందుకే. ఆయన నోరు తెరిచే నాటికి ఆ ఇష్టం అప్పటికే సగం ఖాళీ అయి ఉంది. మీరు మొదట్లో ఉన్నట్టే ఉండి ఉంటే, ఆ మాట అప్పుడూ నొప్పించేదే. రెండు రోజులు బాధపడి, మూడో రోజు రాత్రి మళ్ళీ రంగులు తీసేవారు.

1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. మూడు నుంచి అయిదేళ్ళ వయసు పిల్లలు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందే సరదా ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందుగానే చెప్పారు. బంగారు రంగు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ అది. ఇంకొందరికి ముందు ఏమీ చెప్పకుండా, వేసిన తర్వాత అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మిగిలినవాళ్ళకు అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక అవే పెన్నుల్ని వాళ్ళు ఆడుకునే చోట మామూలుగా పెట్టి, ఎవరెంతసేపు వేస్తారో గమనించారు. సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలు, మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల దగ్గర గడిపారు. అనుకోకుండా సర్టిఫికెట్ దొరికిన పిల్లల సరదా మాత్రం ఏమీ తగ్గలేదు.

ఆ చివరి సంగతి మీకు చాలా ముఖ్యం. మెచ్చుకోలు దొరికినందుకు పిల్లల ఇష్టం తగ్గలేదు, దాని కోసమే వేయడం వల్ల తగ్గింది. అందుకే మిమ్మల్ని లైకుల్ని అసహ్యించుకోమనో, ఎవరైనా "బాగుంది" అంటే చెవులు మూసుకోమనో నేను చెప్పను. ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించండి, అది మనిషి లక్షణం. బొమ్మ పూర్తయ్యాక వచ్చే మెప్పు మీదే. ఏ బొమ్మ వేయాలో మెప్పే తేల్చడం మొదలైతే అక్కడ జాగ్రత్తపడాలి.

"నేను ఎంత బలహీనురాలినో" అనే గొంతు మీ ఉత్తరం నిండా వినిపిస్తోంది, మీరు ఆ మాట ఎక్కడా రాయకపోయినా. దయచేసి అలా అనుకోకండి. పుట్టిన పిల్ల తనంతట తాను బతకలేదు. పెద్దవాళ్ళ మొహంలో నవ్వుందా, కోపముందా అని చదవడం మాటల కంటే ముందే నేర్చుకుంటుంది, ఎందుకంటే తన తిండీ భద్రతా వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. ఇంట్లో పెద్దపిల్లకు ఇది ఇంకాస్త ఎక్కువ కావచ్చు. తను బుద్ధిగా ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని చాలా చిన్న వయసులోనే కనిపెట్టేస్తుంది. మార్క్ లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో తన సహచరులతో కలిసి చెప్పిన సిద్ధాంతం ఏమిటంటే, మన ఆత్మగౌరవం అనేది చుట్టూ ఉన్నవాళ్ళు మనల్ని కలుపుకుంటున్నారా, పక్కన పెడుతున్నారా అని కొలిచే ఒక సాధనంగా పనిచేస్తుందని. బండిలో పెట్రోల్ ముల్లు లాగా అన్నమాట. ముల్లు పనికొచ్చేదే, లేకపోతే దారిలో ఆగిపోతాం. కానీ రోడ్డు చూడకుండా ముల్లునే చూస్తూ బండి నడిపితే ఎక్కడికి వెళ్ళాలనుకున్నామో మరిచిపోతాం. మీకు జరిగింది అదే. అది మీ తప్పు కాదు, చిన్నప్పుడు అవసరమై నేర్చుకున్న అలవాటు. ఇప్పుడు 37 ఏళ్ళ మనిషికి అంత అవసరం లేదు.

ఇంకో విషయం చెప్పాలి. ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. ఇన్నేళ్ళుగా అందరూ మెచ్చుకుంటున్నా మీకు ఎందుకు తృప్తి లేదో ఎప్పుడైనా ఆలోచించారా? వాళ్ళు మెచ్చుకుంటున్న మనిషి ఎప్పుడూ ఔననే మనిషి, అలసిపోని మనిషి, ఏదీ అక్కర్లేని మనిషి. ఆ మనిషిని చూపించడానికి మీరు లోపల ఎంత దాస్తున్నారో మీకు తెలుసు. అందుకే "నువ్వెంత మంచిదానివో" అని ఎవరన్నా, లోపల ఒక మూల "నిజం తెలిస్తే ఇలా అంటారా?" అనిపిస్తుంది. దాచిపెట్టి సంపాదించిన మెప్పు, దాచిన మనిషి దాకా రాదు. ఆకలి తీరదు కాబట్టి ఇంకా ఎక్కువ మెప్పు కావాల్సి వస్తుంది. ఇంకో పని నెత్తిన వేసుకుంటారు. ఇది ఎక్కడా ఆగే వ్యవహారం కాదు.

స్వార్థం గురించి అడిగారు. మీ బోటి మనిషికి ఈ ప్రశ్న రావడం సహజం. అసలు స్వార్థపరులు ఈ ప్రశ్న అడగరు కూడా. నేను దీన్ని ఇలా చూస్తాను. మన మీద నిజమైన హక్కు ఉన్నవాళ్ళు కొందరుంటారు. మీ బాబుకు మీ సమయం మీద, మీ ప్రేమ మీద హక్కుంది. మీ భర్తకు మీ మాట మీద, నిజాయితీ మీద ఉంది. ఒప్పుకున్న పని మీద ఆఫీసుకు ఉంది. పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు తలుపేసుకుని బొమ్మలు వేసుకుంటే అది స్వార్థమే, అందులో సందేహం లేదు. కానీ పక్క సీటు మనిషి పని మీరు చేసిపెట్టకపోతే ఆమె మొహం మాడ్చుకుంటుందేమో అన్న భయం ఎవరి హక్కూ కాదు. బాబాయి గారు మిమ్మల్ని చూసి తల ఊపాలన్నదీ హక్కు కాదు. హక్కున్నవాళ్ళకు ఇవ్వాల్సింది ఇవ్వడం బాధ్యత. అందరి మొహాలూ నవ్వుతూ ఉండేలా చూడటం బాధ్యత కాదు, ఎవరి వల్లా అయ్యే పనీ కాదు.

పైగా లెక్క ఎలా తేలుతోందో చూడండి. ఆఫీసులో అందరికీ "సరే, నేను చూసుకుంటా" అని నవ్వుతూ చెప్పిన మనిషి ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళ బాబు మీద విసుక్కుంటోంది. వద్దనలేక ఒప్పుకున్న ప్రతి పనికీ ఖర్చు ఎక్కడో ఒకచోట పడుతుంది. మీ ఇంట్లో అది మీ మీద అందరికంటే ఎక్కువ హక్కున్న పిల్లాడి మీద పడుతోంది. మీ గురించి ఏ గొప్ప అభిప్రాయమూ అక్కర్లేకుండా మిమ్మల్ని ప్రేమించేవాడు వాడొక్కడే కావచ్చు. మీ కోసం మీరు కాస్త బతికితే ముందుగా బాగుపడేది వాడు.

ఇక మీటింగ్‌లో అన్న మాట గురించి రాత్రంతా నిద్రపోకపోవడం. 2000లో థామస్ గిలోవిచ్, మరో ఇద్దరు కలిసి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. నలుగురూ నవ్వుతారేమో అనిపించే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు ఒక్కో విద్యార్థికి తొడిగి, అప్పటికే కొంతమంది కూర్చున్న గదిలోకి పంపించారు. బయటికి వచ్చాక "ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే, సగం మంది దాకా చూసుంటారని వాళ్ళ అంచనా. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు మందే. మీ మీటింగ్‌లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ సమయంలో తాము అన్న మాట గురించో, అనబోయే మాట గురించో ఆలోచిస్తూ ఉండి ఉంటారు. ఈసారి రాత్రి ఆ ఆలోచన తిరుగుతుంటే మిమ్మల్ని మీరు ఒకటి అడిగి చూడండి: అదే మీటింగ్‌లో మిగతావాళ్ళు తడబడ్డ మాటలు నాకు ఎన్ని గుర్తున్నాయి?

అయితే ఇక్కడ నిజం దాచకూడదు. బాబాయి గారి విషయంలో "ఎవరూ పట్టించుకోరులే" అని నేను అనలేను. ఆయన పట్టించుకున్నారు, అందరి ముందూ అన్నారు, అది మీ ఊహ కాదు. మనం మన ఇష్టానికి తగ్గట్టు బతకడం మొదలుపెడితే కొందరు నిజంగానే మాటలంటారు. లోకులు పలుగాకులు అని ఊరికే అనలేదు. అప్పుడు చూసుకోవాల్సింది, ఆ మాట ఎవరి దగ్గర్నుంచి వస్తోందని. ఆ మనిషికి ఆ విషయం తెలుసా? మీరెవరో తెలుసా? మీ నిర్ణయం వల్ల వచ్చే మంచిచెడ్డల్లో ఆయనకు భాగముందా? మీకు రంగులు కలపడం నేర్పే టీచర్ "ఈ నీడ సరిగ్గా పడలేదు" అంటే వినాలి, నొప్పించినా వినాలి. మీ ఆయన "ఈ మధ్య నాతో కూర్చోవడమే లేదు" అంటే తప్పకుండా వినాలి. బాబాయి గారి మాటలో మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే, అది బాబు చదువు. నిజంగా వెనకబడ్డాడేమో మీరే చూసుకోండి, లేదని తేలితే ఆ మాటను అక్కడితో వదిలేయండి.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. ఉద్యోగం మానేయడం, అందరితో తెగతెంపులు చేసుకోవడం లాంటివి ఏమీ అక్కర్లేదు. అలాంటివి చేసేవాళ్ళలో కొందరు మళ్ళీ "ఎంత ధైర్యమో" అన్న మెప్పు కోసమే చేస్తుంటారు.

బొమ్మతో మొదలుపెట్టండి. రెండు మూడు నెలలు వేసినవి ఎక్కడా పెట్టకండి, ఎవరికీ ఫొటో పంపకండి. బొమ్మ పూర్తవగానే కాగితం వెనక మీ మాట ఒకటి రాయండి, ఎలా వచ్చిందో, ఎక్కడ నచ్చిందో, ఎక్కడ నచ్చలేదో. మొదట్లో ఏమీ తోచకపోవచ్చు. ఇన్నేళ్ళుగా "బాగుందా?" అని బయటే అడిగిన మనిషికి లోపలి జవాబు చిన్నగానే వినిపిస్తుంది. అయినా రాయండి. పూలు వేయాలనిపిస్తే పూలే వేయండి, నిజంగా మీకు వేయాలనిపించినప్పుడు మాత్రమే. ఇదే పద్ధతి మిగతా వాటికీ పనికొస్తుంది. చీర కొన్నా, మీటింగ్‌లో మాట్లాడినా, ఇంకొకరి మాట వినే ముందు మీ మాట మీకు తెలియాలి. తర్వాత వాళ్ళ మాట విని మీ అభిప్రాయం మార్చుకున్నా పర్వాలేదు. మార్చుకోవడానికి ముందు మీకంటూ ఒకటి ఉండాలి కదా.

ఎవరైనా పని అడిగినప్పుడు అక్కడికక్కడే "సరే" అనడం మానేయండి. "కాదు" అనడం మీకు ఇప్పుడే రాదు, రావాలని నేను పట్టుబట్టను కూడా. "నా పని చూసుకుని మధ్యాహ్నం చెప్తాను" అనండి. ఈ ఒక్క మాటతో కొంచెం టైమ్ దొరుకుతుంది. ఎదుటి మనిషి మొహం మీ కళ్ళ ముందు లేనప్పుడు మీకు నిజంగా కుదురుతుందో లేదో తెలుస్తుంది. కుదరకపోతే చిన్నగా, "ఈసారి నాకు కుదరదు" అని చెప్పండి. మొదటిసారి చెప్పాక కడుపులో ఏదోలా ఉంటుంది, ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఆ బాధ రాగానే దాన్ని తప్పు చేశామనడానికి రుజువుగా తీసుకోకండి. అలవాటు లేని పని చేసినప్పుడు వచ్చే బాధ అది. వెంటనే వెళ్ళి "లేదులే, నేను చేస్తాలే" అని దాన్ని పోగొట్టుకోకుండా ఉంటే, కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. తగ్గడం ఒకసారి చూసిన మనిషికి రెండోసారి అంత భయం ఉండదు.

కొందరు మొహం మాడ్చుకుంటారు. ఇన్నాళ్ళూ అడిగిందే తడవుగా పని జరిగినవాళ్ళకు కోపం రాకపోతేనే ఆశ్చర్యం. "ఈ మధ్య మారిపోయింది" అంటారు. అందులో అబద్ధం ఏముంది, మారుతున్నారు. చాలామంది కొద్దిరోజుల్లో అలవాటు పడతారు. మీరు పని చేసిపెట్టినంత కాలమే స్నేహంగా ఉన్న ఒకరిద్దరు దూరమైతే ఆ బాధ నిజమైనదే, దాన్ని నేను చిన్నది చేసి చెప్పను.

మీ చెల్లి గురించి కూడా ఒక మాట. ఉత్తరం ఆమెకు చూపించి పంపినందుకు మీరు సిగ్గుపడుతున్నట్టున్నారు. నాకు మాత్రం మీ జీవితంలో అలాంటి మనిషి ఉన్నందుకు సంతోషంగా ఉంది. 1950లలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని ప్రయోగాలు చేశారు. కొన్ని గీతల పొడవు పోల్చి చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగినంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్ళందరూ ముందే మాట్లాడుకుని కావాలని తప్పు జవాబు చెప్తారు. అలాంటప్పుడు ఈ సంగతి తెలియని అసలు మనిషి ఇచ్చే జవాబుల్లో సుమారు మూడో వంతు ఆ తప్పుతోనే కలిసిపోయేవి. కళ్ళ ముందు కనిపిస్తున్నా సరే, నలుగురితో నారాయణ. తర్వాత ఆష్ గదిలో ఒక్కరిచేత సరైన జవాబు చెప్పించారు. ఆ ఒక్క తోడుతో తప్పులు నూటికి అయిదారుకు పడిపోయాయి. అందరూ మీ వైపు ఉండాల్సిన పని లేదు, ఒక్కరు చాలు. అయితే మీ చెల్లిని అడిగే ప్రశ్న మార్చండి. "బాగుందా, పంపనా?" అని అడిగితే ఆమె ఇంకో న్యాయమూర్తి అవుతుంది. "నేను పంపుతున్నాను, నా పక్కన ఉండు" అంటే తోడు అవుతుంది. ఇదంతా ఆమెకు చెప్పండి. మిమ్మల్ని మీరు చూసుకునే కంటే ఆమె మిమ్మల్ని మెత్తగా చూస్తుందని నా నమ్మకం.

రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగుతుంటే, పొద్దున ఆఫీసుకు వెళ్ళాలంటేనే గుండె దడ వస్తుంటే, ఒక కౌన్సెలర్‌ను కలవండి. ఈ అలవాటు మీద శిక్షణ ఉన్న మనిషితో కూర్చుని పనిచేస్తే, ఒంటరిగా పోరాడే కంటే చాలా తొందరగా సులువవుతుంది.

చివరిగా బాబాయి గారు. మళ్ళీ కలుస్తారు, మళ్ళీ అడుగుతారు. ఆయనతో వాదించకండి, నవ్వి ఊరుకోకండి కూడా. "బాబు చదువు చూసుకుంటున్నాను బాబాయ్, బొమ్మలూ వేసుకుంటున్నాను" అని మామూలు గొంతుతో చెప్పి, ఆయన ఆరోగ్యం ఎలా ఉందో అడగండి. ఆయన ఇంకోసారి అంటే అదే మాట ఇంకోసారి చెప్పండి. బొమ్మల వల్ల మనసు బాగుంటుందనో, పిల్లాడికి కూడా మంచిదనో కొత్త కారణాలు వెతకొద్దు. కారణాలు చెప్పడం మొదలుపెడితే ఆయన వాటిని తూచడం మొదలుపెడతారు, మీరు మళ్ళీ ఆయన ఔననేదాకా ఎదురుచూస్తూ నిలబడతారు.